దేవదారు గోడల మధ్య

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పెళ్ళి మాట అలా ఉంచి, ఇంటి విషయంలో వారు వాడిన క్రియాపదాన్ని ఒక్కసారి గమనించండి. "కట్టించి చూడు" అనలేదు, "కట్టి చూడు" అన్నారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు ఈ తేడా పట్టింపుగానే తోస్తుంది. మా ఎల్‌బీ నగర్‌లో ఏ వీధిలో నిలబడి అడిగినా, "ఈ ఇల్లు నేనే కట్టానండీ" అని గృహస్థు ఛాతీ విరిచి చెబుతాడు. గోడలు కట్టినవాడు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. ఇటుకలు మోసినవాడు ఒడిశా నుంచి వచ్చిన కూలీ. యజమాని కట్టినవి బ్యాంకు వాయిదాలు!

ఎగతాళికి అనడం లేదు. మేమూ ఆ కోవలోని వాళ్ళమే. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టుకున్న ఈ పేటలో ఇటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి అటు వనస్థలిపురం దాకా గజం నేల ఖాళీ లేకుండా ఇళ్ళు లేచాయి. కూడళ్ళలో తెల్లవారేసరికి మేస్త్రీలూ కూలీలూ పనికోసం నిలబడి ఉంటారు. స్లాబు వేసేనాడు కాంక్రీటు కలిపే యంత్రం వీధి మధ్యకు వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, మేస్త్రీకి కొత్త బట్టలు పెడతారు. ఈ ఇళ్ళన్నిటిలోనూ కలప అనదగ్గది సింహద్వారం ఒక్కటే. దాన్ని నిలబెట్టేనాడు గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద నవధాన్యాలు పోసి చేసే తతంగం చూస్తే, పూర్వం ఇంట్లో కొయ్యకున్న గౌరవమంతా చివరికి ఆ ఒక్క గడప దగ్గర వచ్చి ఆగిందేమో అనిపిస్తుంది.

మంచు పడే దేశాల్లో మాత్రం ఇల్లంతా కొయ్యే. ఫిన్లాండు, స్వీడన్, రష్యా, కెనడా వంటి చోట్ల రైతులు తరతరాలుగా తమ ఇళ్ళు తామే దుంగలతో కట్టుకున్నారు. పద్ధతి చెప్పడానికి తేలిక. దుంగల బెరడు ఒలిచి, వాటిని నేలకు అడ్డంగా ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. మూలల దగ్గర ప్రతి దుంగకూ గాడి తీసి, మరోవైపు నుంచి వచ్చే దుంగ అందులో కూర్చునేటట్టు చేస్తారు. సందుల్లో నాచు కూరుతారు. పచ్చిదుంగ ఆరేకొద్దీ కుంచించుకుపోయి గోడ కొన్ని అంగుళాలు కిందికి దిగుతుంది కాబట్టి, తలుపుల మీదా కిటికీల మీదా ముందుగానే ఖాళీ వదులుతారు. రష్యాలో ఒనెగా సరస్సు మధ్య కిజీ అనే దీవిలో 1714లో కట్టిన చర్చి ఈ దుంగల పనికి పరాకాష్ఠ. ఇరవైరెండు గుమ్మటాలతో, 37 మీటర్ల ఎత్తున అది నేటికీ నిలిచి ఉన్నది.

మన పల్లెల్లోనూ కొయ్య వాడలేదా అంటే, బాగానే వాడారు. కాని మన ఇంట్లో కొయ్య నిలబడుతుంది. నిట్టాడి నిలబడి దూలాన్ని మోస్తుంది, దూలం వాసాలను మోస్తుంది, వాసాలు కప్పును మోస్తాయి. గోడ మట్టిదో రాతిదో అవుతుంది. ఎండకూ చెదలకూ మనం చెప్పుకున్న సమాధానం అది. మంచుదేశపు ఇంట్లో కొయ్య పడుకుని, తానే గోడ అవుతుంది. ఈ పడుకున్న కొయ్యను చూడాలంటే ఫిన్లాండు దాకా వెళ్ళనక్కరలేదు. మన దేశంలోనే, హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లూ లోయలో చూడవచ్చు. ఈ మధ్య వేసవి సెలవుల్లో సకుటుంబంగా అక్కడికి వెళ్ళి వచ్చాము.

హిమాలయాలకు బయలుదేరిన తెలుగువాళ్ళలో మొదట తలుచుకోవలసినవాడు అల్లసాని పెద్దనగారి ప్రవరుడు. ఆయనకు సిద్ధుడిచ్చిన పసరు ఉన్నది. కాళ్ళకు రాసుకోగానే కొండమీద ఉన్నాడు. మంచునీటికి ఆ పసరు కరిగి, తిరిగి వచ్చే దారిలేక నానా అవస్థలూ పడ్డాడు. మా వద్ద పసరు లేదు గనుక ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగాము. అక్కడ ఢిల్లీ రైలు, ఢిల్లీలో రాత్రి బస్సు. తెల్లవారి కళ్ళు తెరిచేసరికి పక్కనే బియాస్ నది ఉరకలు వేస్తున్నది. మా అబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టి, "నాన్నా, ఏసీ వేశారు!" అన్నాడు. మేము బయలుదేరిన రోజున మా ఇంటి మేడమీద చెప్పుల్లేకుండా నిలబడడం సాధ్యమయ్యే పని కాదు.

కుల్లూకూ మనాలీకీ నడుమ, నదికి ఎడమ ఒడ్డున, సుమారు ఆరువేల అడుగుల ఎత్తున నగ్గర్ అనే ఊరున్నది. పూర్వం కుల్లూ రాజులకు రాజధాని. రాజుల కోట సుమారు 1460 నాటిదని చెబుతారు; ఇప్పుడది ప్రభుత్వ పర్యాటక సంస్థవారి హోటలు. రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1928లో ఈ ఊరు చేరి, 1947లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన కుమారుడు స్వెతొస్లావ్‌ను 1945లో వివాహమాడిన సినీతార దేవికారాణి మన వాల్తేరులో పుట్టిన బిడ్డ. మా ఆవిడకు ఈ సంగతి చెప్పగానే ఆ ఊరిపట్ల ఆమెకు ఒక్కసారిగా చుట్టరికం కలిగింది.

కోట గోడ దగ్గర నిలబడితే మొదట వింతగా కనిపించేది దాని చారలు. ఒక వరుస రాయి, ఒక వరుస కొయ్య, మళ్ళీ రాయి, మళ్ళీ కొయ్య. రాతికీ రాతికీ మధ్య సున్నం లేదు, మట్టి లేదు. కొయ్యకు మేకు లేదు. దీన్ని అక్కడివారు "కాఠ్‌కుణీ" అంటారు. కాఠ్ అంటే మన కాష్ఠమే. కుణీ అంటే కోణం, మూల. మూలల్లో కొయ్య కలిసే గోడ అన్నమాట. ఆ కొయ్య దేవదారు. మన కావ్యాల్లో చదువుకుని, ఎలా ఉంటుందో తెలియకుండానే ప్రతిపదార్థం చెప్పే చెట్టు! నూనె గల కొయ్య. పురుగు తొందరగా పట్టదు. కొత్తగా చెక్కిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంటే పూజగది వాసన వస్తుంది.

నగ్గర్‌కు పైన ఒక పల్లెలో అలాంటి ఇల్లు కడుతున్నారని తెలిసి, ఒక ఉదయం నడిచి వెళ్ళాము. యజమాని ఆపిల్ తోటల రైతు, యాభై ఏళ్ళవాడు. మేము వెళ్ళేసరికి చేతిలో బాడిసతో ఒక దూలం చెక్కుతున్నాడు. పక్కనే అతనికంటే పెద్దవాడైన మేస్త్రీ. మేస్త్రీ అనే మాట అక్కడా ఇక్కడా ఒక్కటే; పోర్చుగీసు వాళ్ళ ద్వారా దేశమంతటికీ పాకిన మాట. "ఇంటివారే చెక్కుతున్నారా!" అని ఆశ్చర్యపోతే, మేస్త్రీ నవ్వి, "గాడి నేను కొడతాను మాస్టర్‌జీ. మిగతా చాకిరీ ఇంటివాళ్ళదీ, ఊరివాళ్ళదీ" అన్నాడు. దూలాలు మోసేనాడు ఇంటికొక మనిషి వస్తాడట. వాళ్ళ ఇల్లు కట్టేనాడు ఇతను వెళతాడు. మన పల్లెల్లో నాట్లకూ కోతలకూ ఉండిన బదులు పని ఇదే.

అంతకంటే ఆశ్చర్యపరచినది ఆ దూలాల వయసు. పక్కన పేర్చిన వాటిలో కొత్తవి కొన్నే. తక్కినవి పొగకు నల్లబడిన పాత దూలాలు. తాతల నాటి ఇంటిని వరుస తప్పకుండా విప్పి, ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టి, ఇక్కడికి తెచ్చారు. మేకూ సున్నమూ లేని ఇల్లు గనుక విప్పడం కుదిరింది. మా పేటలో పాత ఇల్లు తీసేస్తే లారీలకొద్దీ శిథిలాలు ఎక్కడ పారబోయాలో తెలియక చెరువుల వైపు చూస్తాము.

మేస్త్రీ తీరిగ్గా గోడ కథ చెప్పాడు. ముందు నేలకు పైన రెండు మూడు అడుగులు రాతి అరుగు లేపుతారు. మంచు కరిగిన తడి కొయ్యకు తగలకూడదు. దానిమీద గోడకు లోపలివైపు ఒక దూలం, బయటివైపు ఒక దూలం జంటగా పరుస్తారు. ఈ రెండూ విడిపోకుండా మధ్య మధ్య అడ్డకొయ్యలు గాడి కొట్టి బిగిస్తారు. జంట దూలాల నడుమ ఖాళీలో చిన్న రాళ్ళు నింపుతారు. ఆపైన ఒక వరుస రాయి, మళ్ళీ జంట దూలాలు. మూలల్లో దూలం మీద దూలం ఎక్కి, కొయ్యచీలతో బిగుసుకుంటుంది. కిందివరుసల్లో రాయి పాలు ఎక్కువ. పైకి వెళ్ళేకొద్దీ కొయ్య ఎక్కువ. అన్నిటికంటే పై అంతస్తు పూర్తిగా కొయ్యది. అది గోడదాటి నాలుగువైపులా ముందుకు వచ్చి వసారాలా వేలాడుతుంది. కప్పు మీద పలకరాళ్ళు. ఆ బరువే గోడను అదిమి పట్టి ఉంచుతుంది.

కింది అంతస్తు పశువులది. అది విని మా ఆవిడ ముక్కు చిట్లించింది. కాని చలికాలంలో నేలంతా మంచు కప్పినప్పుడు గొడ్ల ఒంటి వేడి పైకి వచ్చి ధాన్యపు గదినీ, ఆపైన మనుషుల గదినీ వెచ్చగా ఉంచుతుందని ఇంటి పెద్దావిడ చెప్పేసరికి, "మరి అదీ ఒక లెక్కే" అని ఒప్పుకుంది. రాళ్ళ మధ్య నిలిచిన గాలి కూడా చలిని లోపలికి రానివ్వదు. గుమ్మం పొట్టి, గడప ఎత్తు. వంగి, కాలెత్తి దాటాలి. వెచ్చదనం బయటికి పోకుండా చేసిన ఏర్పాటు. పైగా ఎంతవాడైనా తల వంచి లోపలికి రావలసిందే.

ఇంత శ్రమ ఎందుకు అంటే, చలి ఒక్కటే కారణం కాదు. 1905 ఏప్రిల్ 4న తెల్లవారుజామున కాంగ్డా లోయలో వచ్చిన భూకంపంలో సుమారు ఇరవైవేల మంది చనిపోయారు. కాంగ్డాలో కోటా, గుడీ కూడా కూలాయి. కుల్లూ లోయలోనూ నష్టం జరిగింది. కాని నగ్గర్ కోట నిలిచింది. బంజార్ దగ్గర ఛైనీ అనే పల్లెలో ఇదే పద్ధతిలో కట్టిన ఆకాశమంత బురుజు ఒకటున్నది. దాని పై అంతస్తులు కొన్ని ఆ భూకంపంలో పోయాయంటారు. మిగిలినదే మెడ వెనక్కి విరిచి చూడవలసినంత ఎత్తు. కిందనున్న శృంగీఋషి గుడి నుంచి కొండెక్కి వెళ్ళాలి. దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన మన ఋశ్యశృంగుడే ఆయన అని అక్కడివారి నమ్మకం.

గోడ నిలవడంలోని రహస్యం అది బిగుసుకుపోకపోవడమే. నేల కదిలినప్పుడు సున్నంతో అతికిన రాయి పగులుతుంది. ఇక్కడ రాయి కొద్దిగా జరుగుతుంది, కొయ్య కొద్దిగా వంగుతుంది, కదలిక బలం ఆ రాపిడిలో ఖర్చయిపోతుంది. ప్రతి రెండడుగులకూ ఇంటిచుట్టూ నడికట్టులా తిరిగిన దూలాలు రాళ్ళను బయటికి ఒరగనివ్వవు.

ఈ మాటలు వింటుంటే నాకు మరొక తెల్లవారుజాము గుర్తుకు వచ్చింది. 1993 సెప్టెంబరు 30. వినాయక నిమజ్జనాల సందడి ముగించుకుని నిద్రపోయిన మహారాష్ట్ర పల్లెల మీద కిల్లారి భూకంపం విరుచుకుపడింది. ఆ కదలిక మన హైదరాబాదులోనూ తెలిసింది. నేను అప్పటికి స్కూలు పిల్లవాణ్ణి. నాలుగు గంటల వేళ జనం వీధుల్లోకి వచ్చి నిలబడడం జ్ఞాపకమున్నది. కిల్లారి ప్రాంతంలో సుమారు పదివేల మంది పోయారు. చాలామందిని చంపినవి వాళ్ళ సొంత ఇళ్ళే. మట్టితో కూర్చిన మందపాటి రాతిగోడలు అవి. రాళ్ళను చుట్టి పట్టుకునే కట్టు ఏదీ లేక రెండు పొరలుగా విచ్చి మనుషుల మీద పడ్డాయి. అక్కడా రాయే, ఇక్కడా రాయే. తేడా అంతా ఆ నడికట్టులో ఉన్నది.

ఇంత మంచి ఇల్లయితే అందరూ ఇలాగే కట్టుకోవచ్చు గదా అంటే, కథ అక్కడే అడ్డం తిరుగుతుంది. పల్లెలోకి వెళ్ళే దారి పొడుగునా మేము చూసినవి మా పేటలోలాంటి స్తంభాలూ స్లాబులే. స్లాబును అక్కడ "లెంటర్" అంటున్నారు. మేము మాట్లాడిన రైతు తమ్ముడే రోడ్డు పక్కన మూడంతస్తుల సిమెంటు మేడ లేపి యాత్రికులకు గదులు అద్దెకిస్తున్నాడు. తాతల ఇంటి కలప ఒక ఇంటికే సరిపోతుంది. తమ్ముడు తన భాగం అన్నకు వదిలేశాడు. "నాకు రెండేళ్ళు ఆగే ఓపిక లేదు, ఇల్లు కాలితే అప్పు తీర్చే దిక్కు లేదు" అన్నాడట. తప్పు పట్టలేము. 2008 జనవరిలో ఈ జిల్లాలోనే మలాణా గ్రామంలో నిప్పంటుకుని చాలా కొయ్య ఇళ్ళు బూడిదయ్యాయి. భూకంపానికి నిలిచిన గోడ అగ్గికి నిలవదు.

అసలు చిక్కు చెట్టుది. ఇంటికోసం అడవి నుంచి తక్కువ ధరకు చెట్టు పొందే హక్కు అక్కడి పల్లెవారికి పూర్వం నుంచీ ఉన్నది. అడవి తగ్గేకొద్దీ ఆ హక్కుకు కొలతలు వచ్చాయి. 2013 నాటి నిబంధనల ప్రకారం కొత్త ఇంటికి పదిహేనేళ్ళకు ఒకసారి మూడు ఘనమీటర్ల కలప ఇస్తారు. మన కలప డిపోల లెక్కలో 106 ఘనపుటడుగులు. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ఇరవై అడుగులు పొడవూ పన్నెండు అడుగులు వెడల్పూ గల ఒక్క గది చుట్టూ, అయిదంగుళాలకు నాలుగంగుళాల దూలాలు జంటగా పరిస్తే, వరుసకు దాదాపు 18 ఘనపుటడుగులు పడుతుంది. అంటే ఆ కలప అంతా కలిపి ఒక్క గదికి ఆరు వరుసలు! నేల, కప్పు, పై అంతస్తు మాట దేవుడెరుగు.

"పోనీ, ఇంకా ఎక్కువ చెట్లు ఇవ్వకూడదూ?" అన్నాను. ఇంటి పెద్దావిడ ఎదుటి కొండ చూపించింది. దూలానికి పనికివచ్చే దేవదారు కావాలంటే నూరేళ్ళు పైబడాలట. "మా అత్తగారి అత్తగారు చూసిన చెట్టు నేను కొట్టుకున్నాను. నా మనవరాలి మనవరాలికి చెట్టు ఎక్కడిది?" అన్నది. ఆమె ఏ పక్షాన మాట్లాడుతున్నదో నాకు అర్థం కాలేదు. కొయ్య ఇల్లు కావాలి, అడవీ కావాలి. రెండూ న్యాయమైన కోరికలే. చలికాలంలో ఎవరింట్లో ఉంటావని మా ఆవిడ అడిగితే మాత్రం, "పెద్దవాడింట్లో. చిన్నవాడి గోడలు ఎముకలు కొరుకుతాయి" అని తడుముకోకుండా చెప్పింది.

సిమెంటు చెడ్డది, కొయ్య మంచిది అని తేల్చేసి రావడం యాత్రికుడికి సులువు. 2023 ఆగస్టులో ఇదే జిల్లాలోని ఆనీలో కొండ జారి సిమెంటు మేడలు క్షణాల్లో కుప్పకూలడం దేశమంతా చూసింది. కాళ్ళకింద నేలే జారితే కొయ్య ఇల్లయినా నిలవదు. కాని ఏ నేల మీద ఎంత ఎత్తు లేపాలో, ఏ రాయికి ఏది ఆసరాయో ఇల్లు కట్టుకునేవాడికే తెలిసి ఉండిన రోజులు అక్కడ ఉండేవి. ఆ తెలివి ఇప్పుడు ముసలి మేస్త్రీల దగ్గర మిగిలింది. అతనికి చేతికింద పనివాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నలభై దాటినవారు. కలప లేక పని లేదు, పని లేక నేర్చేవాడు లేడు. నేర్చినవాడు లేకపోతే, ఉన్న ఇంటిని విప్పి మళ్ళీ కట్టేవాడూ ఉండడు.

మా అబ్బాయి ఒక పూటంతా బాడిస పట్టుకుని ఒక కొయ్యచీల చెక్కాడు. వంకరగా వచ్చింది. మేస్త్రీ దాన్ని తిప్పి చూసి, పారేయకుండా గోడలో ఎక్కడో లోపలివైపు కొట్టేశాడు. "ఇక ఈ ఇంట్లో నీకూ భాగం ఉంది" అన్నాడు. వాడు ఆ మాట దారిపొడుగునా చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఎల్‌బీ నగర్‌లో దేవదారు గోడలు లేపుదామని ఎవరూ అనరు. మన ఎండకు అవి పనికిరావు, మన జేబుకు అందవు. కాని ఆ గోడలోని ఆలోచన మనకూ అందుబాటులో ఉన్నది. ఇటుకతో కట్టే ఇళ్ళకు పునాది మీదా, తలుపుల పై మట్టంలోనూ ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ ఇల్లంతా చుట్టి రావాలని భూకంప శాస్త్రజ్ఞులు చెబుతారు. అది ఆ జంట దూలాల నడికట్టే. కొయ్యకు బదులు ఇనుము. మనవాళ్ళు చాలామంది ఖర్చు కలిసివస్తుందని తలుపు మీదా కిటికీ మీదా ముక్కలుగా పోసి ఊరుకుంటారు. ఇల్లు కట్టబోయే పాఠకులెవరైనా ఉంటే, ఆ రోజున మేస్త్రీ పక్కన నిలబడి పట్టీ ఎక్కడా తెగకుండా చూసుకోండి. ఇంటి పిల్లల్ని కూడా తీసుకువెళ్ళి, ఏది దేన్ని మోస్తున్నదో చూపించండి. బాడిస పట్టకపోయినా ఫరవాలేదు. "కట్టించాము" అనే మాటకూ "కట్టాము" అనే మాటకూ మధ్య ఉన్న దూరం అంతమేరకైనా తగ్గుతుంది.